తెర మీద చుక్క, బోర్డు మీద పాదాలు: పడతానన్న భయంతో వచ్చిన 69 ఏళ్ల మహిళ కేస్ స్టడీ

ఆవిడ మా క్లినిక్‌కి వచ్చిన రోజు నేను ముందుగా గమనించింది ఆవిడ కళ్లని. తలుపు దగ్గర్నుంచి నా బల్ల దాకా ఉన్న కాస్త దూరమూ నేలనే చూసుకుంటూ, ఒక్కో అడుగూ ఆచితూచి వేసుకుంటూ వచ్చారు. దారిలో ఉండగానే "ఎలా వచ్చారమ్మా, ఇబ్బంది పడలేదు కదా?" అని పలకరించాను. జవాబు చెప్పడానికి ఆగిపోయారు. చెప్పడం అయ్యాక మళ్లీ నడక మొదలుపెట్టారు.

పెద్దవాళ్ల నడకతో పనిచేసేవాళ్లం ఇలా ఆగిపోవడాన్ని తేలిగ్గా తీసుకోం. మాట్లాడాల్సి వచ్చినప్పుడు నడక ఆపేసేవాళ్లు ఆ తర్వాతి నెలల్లో పడిపోయే అవకాశం ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో చూపించారు. నడక తనంతట తాను సాగిపోవాలి. ఒక్కో అడుగుకీ మనసు పెట్టాల్సి వస్తుంటే ఇక మాటకు చోటుండదు. పక్కనుంచి ఎవరైనా పిలిచినా, ఫోన్ మోగినా తూలిపోతారు.

బ్యాలెన్స్ బోర్డు మీద ఆడే వీడియో గేములతో ఆవిడ నడకను ఎలా బాగుచేయాలని చూశామో ఇక్కడ రాస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. ఆవిడను గుర్తుపట్టేలా చేసే వివరాలేవీ ఇక్కడ ఉండవు.

వచ్చేనాటికి పరిస్థితి

వయసు 69. ఎనిమిది నెలల కిందట బాత్రూమ్‌లో జారిపడ్డారు. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఎముక చక్కగా అతుక్కుంది, చెయ్యి పనిచేస్తోంది. కానీ ఆ రోజు నుంచి మనిషి మారిపోయారని కూతురు చెప్పింది. ఒంటరిగా బయటికి వెళ్లడం మానేశారు. ఇంట్లో కూడా గోడ పట్టుకునే తిరుగుతున్నారు. తిరగకపోవడంతో కాళ్లలో బలం తగ్గింది. బలం తగ్గేసరికి భయం ఇంకా పెరిగింది.

వెన్నెముక ఎముక సాంద్రత పరీక్షలో టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 2.7. మైనస్ 2.5, అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అంటాం. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడంతో ఆడవాళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది. అందుకే వాళ్ల విషయంలో పడిపోవడం దెబ్బతో ఆగదు, ఎముక విరగడం దాకా పోతుంది. బీపీకి మందు వాడుతున్నారు కాబట్టి పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూశాను. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆటలు మొదలుపెట్టేదాన్ని కాదు, ముందు డాక్టర్ దగ్గరికి పంపేదాన్ని. ఆవిడకు అంత పడలేదు. చూపు, పాదాల్లో స్పర్శ బాగానే ఉన్నాయి.

కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చునే పరీక్షలో 14.6 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూస్తే 8 వచ్చింది. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లలో 11 కంటే తగ్గితే తక్కువ కిందే జమ. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు ఆనించి నిలబడమంటే 4 సెకన్లలో చెయ్యి గోడ మీదికి పోయింది. పడతానన్న భయాన్ని కొలిచే ఏడు ప్రశ్నల పట్టికలో 28కి 19. అందులో 14, అంతకంటే ఎక్కువ వస్తే భయం బాగా ఎక్కువని అర్థం.

అంతకుముందు ఒకచోట రాసిచ్చిన వ్యాయామాల కాగితం ఆవిడ బ్యాగులో ఉంది. మడత కూడా నలగలేదు. ఎన్నాళ్లు చేశారని అడిగితే నిజమే చెప్పారు: "మూడు రోజులు చేశానమ్మా. కాలు ఎత్తినప్పుడల్లా ఆ రోజు పడిందే గుర్తొస్తుంది. ఎత్తబుద్ధి కాదు."

ఆట వైపు ఎందుకు వెళ్లాను

ఆ మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆ కాగితంలో ఉన్నవి మంచి వ్యాయామాలే, తప్పు పట్టాల్సినవి కావు. కానీ అన్నీ శరీరాన్నే చూసుకోమంటాయి. మోకాలు చూడు, మడమ చూడు, నడుము నిటారుగా ఉందో లేదో చూడు. ఈవిడ ఇబ్బందే అది. అప్పటికే ఒంటినంతా కాపలా కాస్తున్న మనిషికి మేం ఇంకో కాపలా అప్పజెబుతున్నాం. 1998లో గాబ్రియెల్ వుల్ఫ్ బృందం స్కీయింగ్ కదలికను నేర్పే యంత్రంపై చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. తమ పాదాల మీద దృష్టి పెట్టినవాళ్ల కంటే పాదాల కింద ఉన్న చక్రాల మీద దృష్టి పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. ధ్యాస ఒంటి మీద నుంచి బయటికి పోతే కదలిక తేలికవుతుంది.

బ్యాలెన్స్ బోర్డు మీద ఆడే వీడియో గేముల్లో జరిగేది ఇదే. ఈ తరహా బోర్డుల్లో అందరికీ తెలిసింది నింటెండో సంస్థ 2007లో 'వీ ఫిట్'తో పాటు తెచ్చినది. చూడ్డానికి వెడల్పాటి తూకం మిషన్‌లా ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు సెన్సర్లు ఉంటాయి. ఒంటి బరువు ఏ మూల వైపు ఎంత వాలిందో అవి చెబుతాయి, అది తెర మీద ఒక చుక్కలా కదులుతుంది. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని ల్యాబుల్లో పాదాల కింది బలాన్ని కొలవడానికి వాడే ఖరీదైన పలక, ఫోర్స్ ప్లేట్‌తో పోల్చి చూసి, నిలబడినప్పటి తూలును కొలవడానికి అది నమ్మదగ్గదేనని తేల్చారు. నేను వాడినదీ అలా పనిచేసే బోర్డే.

ఎడమకీ కుడికీ బరువు మార్చడమే నాకు ముఖ్యంగా కావాల్సింది. మామూలుగా నడిచే మనిషి నడక సమయంలో దాదాపు 80 శాతం ఒంటికాలి మీదే గడుపుతాడు. రెండు పాదాలూ నేల మీద ఉండేది కాసేపే. భయపడేవాళ్లు ఆ కాసేపటిని సాగదీస్తారు, అందుకే కాళ్లు ఈడుస్తున్నట్టు నడుస్తారు. ఒంటికాలికి బరువు అప్పగించే ధైర్యం వస్తే నడక సగం బాగుపడినట్టే.

అన్ని ఆటలూ ఈవిడకు పనికిరావు. ముందుకు బాగా వంగేవి, నడుము విసురుగా తిప్పేవి మొదట్లోనే తీసేశాను. పలచబడిన వెన్నుపూసలకు వంగడం, మెలిపెట్టడం రెండూ ముప్పే.

మొదటి రెండు వారాలు

వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు, మొత్తం 12 వారాలు అనుకున్నాం. బోర్డుకి రెండు పక్కలా బరువైన కుర్చీలు, ఆవిడ నడుముకి పట్టుకునే బెల్టు, వెనక నేను.

మొదటి రోజు నా వల్ల ఒక పొరపాటు జరిగింది. ఆట మొదలయ్యే ముందు చేసే పరీక్షను దాటెయ్యకుండా వదిలేశాను. అది అయ్యాక మీ శరీర వయసు ఇంత అంటూ తెర మీద 81 అని పడింది. ఆవిడ ఏమీ అనకుండా బోర్డు దిగి కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాం. కాసేపు నిలబడిన తీరును బట్టి వయసు కట్టే ఆ అంకెకు వైద్యపరంగా ఏ విలువా లేదని ఎంత చెప్పినా, చూసింది చూసేశారు కదా. అప్పట్నుంచి కొత్తవాళ్లెవరికైనా ఆ తెర కనపడకుండా ముందే దాటించి, నేరుగా ఆటలోకి తీసుకెళ్తున్నాను.

రెండోసారి వచ్చినప్పుడు అన్నింటికన్నా తేలికైన ఆట పెట్టాను. చుక్కను తీసుకెళ్లి గుండ్రటి గీత లోపల నిలపాలి, అంతే. ఆవిడ పాదాలు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. పది వేళ్లూ లోపలికి ముడుచుకుని బోర్డును గోళ్లతో పట్టుకున్నట్టు ఉన్నాయి. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. పిక్కలు రాయిలా బిగుసుకున్నాయి. వేళ్లు వదులు చేయండి అని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఆ మాట అంటే కళ్లు మళ్లీ కిందికి దిగుతాయి. "చుక్క ఎటు పోతోందో చూడండమ్మా" అన్నాను. మూడో నిమిషంలో చుక్క గీతలోకి వచ్చింది, జారిపోయింది, మళ్లీ వచ్చింది. "ఉండు, ఉండు, అక్కడే ఉండు" అని చుక్కతో మాట్లాడటం మొదలుపెట్టారు. కిందికి చూస్తే వేళ్లు విచ్చుకుని బోర్డు మీద పరుచుకుని ఉన్నాయి. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ కాళ్ల గురించి తలుచుకోకుండా నిలబడింది ఆ నిమిషమే అనుకుంటాను.

రెండో వారం చివర్లో గుండె గుభేలుమనే సంగతి ఒకటి జరిగింది. ఆట అయిపోయింది, స్కోరు చూసి సంతోషంలో ఆవిడ తెర వైపే చూస్తూ వెనక్కి అడుగు వేశారు. బోర్డు ఎత్తు సుమారు 5 సెంటీమీటర్లే, కానీ చూసుకోకుండా వెనక్కి దిగేవాళ్లకి అంత చాలు. బెల్టు నా చేతిలో ఉంది కాబట్టి ఆపగలిగాను. ఇలాంటి ఆటల్లో జాగ్రత్తంతా ఆడుతున్నప్పుడే తీసుకుంటాం. అసలు ప్రమాదం ఆట అయిపోయిన క్షణంలో ఉంటుంది. అప్పటి నుంచి మాకో వరస ఏర్పడింది: పాట ఆగగానే కుర్చీ పట్టుకోవాలి, కళ్లు కిందికి దించాలి, ముందుకే దిగాలి. స్కోరు దిగాక చూసుకోవచ్చు. ఇంట్లో ఇలాంటి ఆటలు ఆడించే పిల్లలకి మొట్టమొదట చెప్పేది కూడా నేను ఇదే.

స్కోరు పెరిగింది, మనిషి మారలేదు

నాలుగో వారానికి ఆట స్కోరు మొదటికంటే రెట్టింపైంది. ఆవిడకు సంబరం, నాకూ సంబరమే. కానీ నెల పూర్తయ్యాక మూడు మీటర్ల నడక పరీక్ష మళ్లీ చేస్తే 14.1 సెకన్లు. అర సెకను తేడా. కుర్చీలోంచి లేవడం 9. ఇంత బాగా ఆడుతున్న మనిషి ఇంకా అలాగే ఎందుకు నడుస్తున్నారు?

ఆవిడ అనుమతితో వెనక నుంచి ఫోన్లో వీడియో తీశాను. చూస్తే తెలిసిపోయింది. తుంటి మధ్యలోనే ఉంది, కాళ్లు కదలడం లేదు. నడుము దగ్గర విరిచి భుజాలను అటూ ఇటూ ఊపుతున్నారు. తల, భుజాలు వాలితే కొంత బరువు వాలుతుంది, చుక్క కదులుతుంది. బోర్డుకి బరువే తెలుసు, ఒళ్లు ఎలా వంగిందో తెలీదు. చుక్కను కదిపే సులువు దారి ఆవిడ శరీరం కనిపెట్టింది. అది మోసం అనుకోను, ఏ శరీరమైనా ఖర్చు తక్కువైన దారే వెతుక్కుంటుంది. అది చూడాల్సింది నేను. నెల రోజులు తెరను చూశాను, మనిషిని చూడలేదు.

తేలికపాటి కర్ర ఒకటి తెచ్చి భుజాల మీద అడ్డంగా పెట్టి రెండు చేతులతో పట్టుకోమన్నాను. కర్ర ఒరగకూడదు, చుక్క మాత్రం కదలాలి. అలా చేయాలంటే తుంటి పక్కకి జరగాల్సిందే, బరువు నిజంగా కాలి మీదికి రావాల్సిందే. ఆ రోజు స్కోరు సగానికి పడిపోయింది. ఆవిడ ముఖం వాడిపోయింది. వీడియో చూపించి, ఎందుకు తగ్గిందో చెప్పాను. చాలాసేపు చూసి, "అంటే ఇన్నాళ్లూ ఊగానే గానీ, నిలబడలేదన్నమాట" అన్నారు. నేను అంతకంటే బాగా చెప్పలేను.

ఆ రోజు నుంచి రెండు మార్పులు చేశాను. మొదటిది, ఆవిడ నోటుబుక్కులో ఆట స్కోరు పక్కన ఇంకో వరస గీశాం. రెండు వారాలకోసారి కుర్చీలోంచి లేవడం, నడక సెకన్లు అందులో రాసేవాళ్లం. రెండోది, బోర్డు మీద చేసిన ప్రతి కదలికనూ వెంటనే నేల మీద చేయించడం. పక్కకి బరువు మార్చే ఆట అయ్యాక అదే కదలికతో పక్కకి అడుగులు, ఎత్తుగా ఉన్న అర మీద గిన్నె పెట్టి ఒక కాలి మీద బరువు వేసి అందుకోవడం. తెర లేకుండా కూడా చేయగలిగితేనే ఆ కదలిక ఇంటికి వెళుతుంది. తర్వాతి ఆట తెరుచుకునేలోపు ఖాళీగా నిలబడకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చునేవారు. తొమ్మిదో వారానికి రెండు కిలోల బరువు గుండెలకు హత్తుకుని లేవగలిగారు.

ఆటతోనే అన్నీ అయిపోవు. 2010లో జపాన్ పరిశోధకులు ఇలాంటి ఆటల్లో 68 కదలికలకు ఖర్చయ్యే శక్తిని కొలిచారు. 46 తేలికపాటివి, 22 మధ్యస్థం, గట్టి శ్రమ కిందికి వచ్చింది ఒక్కటీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు బ్యాలెన్స్‌తో కూడిన వ్యాయామం చెప్పింది. బ్యాలెన్స్ వరకు ఆట సాయపడుతుంది. గుండెకి, ఊపిరికి నడక ఉండాల్సిందే. అందుకే మూడో వారం నుంచే కూతురి తోడుతో రోజూ నడక పెట్టాను. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు.

ఆవిడ చెప్పని కారణం

ఆరో వారంలో అడుగుల ఆట మొదలుపెట్టాం. సంగీతానికి తగ్గట్టు చకచకా అడుగులు వేయాలి, మధ్యమధ్య చిన్న గెంతు ఉంటుంది. మొదటి రోజు సగంలో ఆపేశారు. మోకాలు నొప్పన్నారు. తర్వాతి సారి తలనొప్పి. ఆ తర్వాత రాలేదు, దాని తర్వాతదానికీ రాలేదు. ఉత్సాహం తగ్గిందేమో, ఆట విసుగొచ్చిందేమో అనుకున్నాను.

అసలు విషయం చెప్పింది అదే సమయానికి వచ్చే ఇంకో పెద్దావిడ. ఆవిడకి 72. గొంతు తగ్గించి అన్నారు: "అమ్మాయ్, నువ్వు గెంతమంటే గెంతుతాం. కానీ గెంతితే మాకు ఆగదు."

నేనూ ఆడదాన్నే, ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నదాన్నే. అయినా అడగలేదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గెంతినప్పుడు మూత్రం చుక్కలు పడటం కాన్పులైన, ముట్లాగిన ఆడవాళ్లలో చాలా మామూలు. పొత్తికడుపు కింద మూత్రసంచిని, గర్భసంచిని మోసే కండరాలు వదులవడం వల్ల జరుగుతుంది. మా పేషెంట్‌ను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. క్లినిక్‌కి వచ్చే రోజు ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేసేవారట. బీపీ మందు వాడుతూ, నీళ్లు లేకుండా వచ్చి నా ఎదుట బోర్డెక్కుతున్నారు! కళ్లు తిరిగి పడి ఉంటే నేను కారణం ఎక్కడో వెతికి ఉండేదాన్ని.

గెంతే ఆట తీసేశాం. రెండు పాదాలూ ఒకేసారి గాల్లోకి లేవని అడుగుల ఆట పెట్టాం. మూత్రసంచిని మోసే ఆ కటి కండరాలకు వ్యాయామం నేర్పాను. మూత్రం మధ్యలో ఆపుతున్నట్టు ఆ కండరాలను లోపలికి, పైకి బిగించి వదలడం. ఒకసారికి కనీసం ఎనిమిది, రోజుకు మూడుసార్లు, మూడు నెలలు విడవకుండా చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోసేటప్పుడు నిజంగా ఆపి చూడటం ఒక అలవాటుగా చేసుకోకూడదని కూడా చెప్పాను. నీళ్లు మామూలుగా తాగి, ఆటకి ముందు బాత్రూమ్‌కి వెళ్లి రావడం అలవాటైంది. కుర్చీలోంచి లేచే ముందు ఆ కండరాలు బిగించడం కూడా కలిపాం.

ఇప్పుడు కొత్తగా వచ్చే ప్రతి మహిళనూ మొదటి రోజే, తలుపు వేసి, నేరుగా అడుగుతున్నాను. ఆడవాళ్ల చేత కదలిక ఆటలు ఆడించే ఎవరికైనా నేను బతిమాలి చెప్పేది ఇదే: మానేసినవాళ్లకి ఆసక్తి లేదని రాసుకునే ముందు ఈ ప్రశ్న అడగండి.

ఆ 72 ఏళ్ల పెద్దావిడతో కలిపి జంటగా ఆడించడం కూడా అప్పుడే మొదలైంది. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు కుర్చీలో కూర్చుని "వదినా, అటు, అటు" అని కేకలు. వరస కలిపేసుకున్నారు. ఆ కేకలకి ఆడుతూనే బదులు చెప్పేవారు ఈవిడ. నేను పని కట్టుకుని నేర్పాలనుకున్నది, మాట్లాడుతూ కాళ్లు కదపడం, వాళ్లిద్దరి పోటీలో దానంతట అది వచ్చేసింది.

12 వారాలు అయ్యాక

36 సార్లకు 33 సార్లు వచ్చారు. మూడు మీటర్ల నడక 11.2 సెకన్లు. కుర్చీలోంచి లేవడం 12. మడమకు వేళ్లు ఆనించి నిలబడటం 10 సెకన్లు పూర్తి చేశారు. భయం పట్టికలో 19 నుంచి 11కి వచ్చింది, అంటే ఎక్కువ నుంచి మధ్యస్థానికి. మూత్రం సమస్య పూర్తిగా పోలేదు. దగ్గినప్పుడు ఇంకా అప్పుడప్పుడు ఉందన్నారు, కానీ నీళ్లు మానేయడం లేదు. ఈ మూడు నెలల్లో పడలేదు.

ఈ మార్పులో ఆట వాటా ఎంతో విడదీసి చెప్పలేను. నడక ఉంది, బలం వ్యాయామం ఉంది, వారానికి మూడుసార్లు నా ధ్యాస ఉంది, వదిన తోడు ఉంది. ఒకే పరీక్ష పదేపదే చేస్తే అలవాటు వల్ల కూడా కొంత మెరుగుపడుతుంది. ఇది ఒక్క మనిషి కథ. పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) ఉన్నవాళ్లకి, ఈ మధ్యే ఎముక విరిగినవాళ్లకి, నిలబడితే బీపీ పడిపోయేవాళ్లకి దీన్ని ఇలాగే దింపకూడదు. నేను గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే: మూడు రోజులకే వ్యాయామాల కాగితం మడిచి పెట్టేసిన మనిషి 33 సార్లు వచ్చారు. ఆవిడను రప్పించింది ఆట, నిలబెట్టింది మాత్రం ఆట చుట్టూ చేసిన పని.

ఇంట్లో బోర్డు లేదు, కొనమని చెప్పలేదు కూడా. నేల మీద రంగు టేపుతో గడులు అంటించి, మనవరాలు పిలిచిన గడిలోకి అడుగు వేసే ఆట నేర్పి పంపాను. పక్కన గట్టి కుర్చీ తప్పనిసరి.

ఆరు నెలలకి మళ్లీ చూశాను. నడక 11.6 సెకన్లు, కుర్చీ 11. కాస్త తగ్గింది. వేసవిలో నెల రోజులు నడక మానేశానని ఆవిడే చెప్పారు. తలుపు దగ్గర ఎదురెళ్లి, బల్ల దాకా పక్కనే నడుస్తూ మనవరాలి సంగతులు అడిగాను. నా వైపు తల తిప్పి చెబుతూనే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎక్కడా ఆగలేదు.

మెట్లు దిగడం మాత్రం ఇంకా భయమే. రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టి, కడ్డీ వదలకుండా దిగుతున్నారు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువు మోయాలి, బోర్డు మీద ఆడిన ఏ ఆటలోనూ ఆ పని లేదు. వచ్చే వారం నుంచి తక్కువ ఎత్తు పీటతో, ఒక కాలి మీద నెమ్మదిగా దిగడం మొదలుపెడుతున్నాం.